నీ రాతే అంత అంటున్నారు

ప్రశ్న: చిన్నప్పుడు మా నాన్న నన్నూ అమ్మనూ బెల్టుతో కొట్టేవాడు. ఇప్పుడు నా భర్త చెయ్యి చేసుకుంటున్నాడు. ‘ఎక్కడికెళ్లినా దెబ్బలే, నీ రాతే అంత’ అంటుంది అత్త. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లకు పెళ్లయ్యాకా అదే గతి అని చదివాను. లోపం నాదేనా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: సంబంధం ఉన్న మాట నిజం. లోపం మీదన్నది అబద్ధం. అమెరికాలోని శాన్‌డియాగోలో ఎనిమిది వేలకు పైగా పెద్దవాళ్లను అడిగి తేల్చిన ఫలితాలు 2003లో వచ్చాయి. బాల్యంలో దెబ్బలు తినడం, లైంగిక హింస, తల్లిని కొడుతుంటే చూడటం... వీటిలో ఏ ఒక్కటున్నా భాగస్వామి చేతిలో హింసకు గురయ్యే అవకాశం సుమారు రెట్టింపు. మూడూ అనుభవించిన స్త్రీలలో మూడున్నర రెట్లు. అయినా అది రాత కాదు, కొట్టేవాడు కొడితేనే దెబ్బ పడుతుంది.

అరిస్తే ఇంకో దెబ్బ అని చిన్నప్పుడే నేర్చుకున్న ఒళ్లు ఇప్పుడూ బిగుసుకుపోతుంది. కొట్టినవాడే ఏడ్చి బతిమాలితే ప్రేమే అనిపిస్తుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం, మా లెక్కలో, వెళ్లి తలదాచుకోవడానికి పుట్టిల్లు లేకపోవడం. ఆ సంగతి అతనికీ తెలుసు. ‘సర్దుకుపో’ అనే పెద్దమనుషులకే ఎందుకో తట్టదు.

అందుకని ముందు ఆ చోటు చూసుకోండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి (జిల్లాలోనే ఉంటుంది) కలుపుతారు. అక్కడ ఐదు రోజుల దాకా ఉండొచ్చు. మాట్లాడాక ఫోన్లో ఆ నంబరు తీసేయండి.

ఆసుపత్రిలో ‘బాత్రూంలో జారిపడ్డాను’ అన్నారో, చీటీలో అదే రాస్తారు. రేపు కోర్టులో ఆ చీటీ అతనికే పనికొస్తుంది. ‘భర్త కొట్టాడు’ అని చెప్పి రాయించుకోండి. గృహహింస కేసులు చూసే ప్రభుత్వ అధికారి, అంటే రక్షణాధికారి, మీరు చెప్పింది గృహహింస నివేదికగా రాసేటప్పుడు ‘రోజూ కొడతాడు’ అంటే కేసు నిలవడం కష్టం. ఏ తేదీన, ఏ గదిలో, దేనితో, ఎవరు చూశారో చెప్పండి. తేదీ గుర్తులేకపోతే ‘సంక్రాంతి ముందు వారం’ అన్నా మేలే. నివేదిక కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 2005 గృహహింస చట్టం కింద, దరఖాస్తు కోర్టుకు అందాక మేజిస్ట్రేటు మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయరును పెడుతుంది.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌కు ఇప్పుడే ఒప్పుకోకండి. అక్కడ నోరు విప్పితే దెబ్బలు ఇంటికొచ్చాక పడతాయి.

ఒక్కసారైనా గొంతు నులిమాడా? అయితే పైన చెప్పిన వరుస పక్కన పెట్టండి. ప్రాణం తీసే దాకా వెళ్లే హింసకు అది పెద్ద సూచన. మచ్చ లేకపోయినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దాడి జరుగుతున్న క్షణంలో అయితే 112కి ఫోన్ చేయండి.