జీవన వేతనం అమలు చేస్తే నిరుద్యోగం పెరుగుతుందా?

పెరిగి తీరుతుందని చెప్పలేం. ఎంత పెంచారు, ఎంత వేగంగా పెంచారు, అక్కడి మామూలు జీతాలు ఏ స్థాయిలో ఉన్నాయి అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

జీవన వేతనమంటే తిండి, అద్దె, వైద్యం, పిల్లల చదువు వంటి ఖర్చులకు సరిపోయే జీతం. చట్టబద్ధమైన కనీస వేతనం చాలాచోట్ల అంతకన్నా తక్కువే.

శ్రమ ఖరీదైతే యజమాని తక్కువ మందిని పెట్టుకుంటాడన్నది పాత వాదం. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పొరుగున ఉన్న పెన్సిల్వేనియా హోటళ్లతో పోల్చి చూస్తే, ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. మరో ఇద్దరు ఆర్థికవేత్తలు డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ ఈ ఫలితంతో విభేదించారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

ఉద్యోగాలు ఎందుకు తగ్గకపోవచ్చు? పనివాళ్లకు వేరే దారి లేనిచోట యజమాని వారి శ్రమ విలువకన్నా తక్కువే ఇస్తాడు. అలా యజమానికి మిగిలే తేడాయే పెంపు భారాన్ని ముందుగా మోస్తుంది. పైగా మంచి జీతం ఉంటే మనుషులు పని మానేయడం తగ్గుతుంది, కొత్తవారిని వెతికి నేర్పించే ఖర్చు మిగులుతుంది. కొంత భారం ధరల్లోకీ వెళుతుంది.

అయితే హద్దు ఉంది. దేశమంతటా కనీస వేతనాన్ని 2025 నాటికి గంటకు 15 డాలర్లకు చేర్చితే సుమారు 13 లక్షల ఉద్యోగాలు పోవచ్చని, అంతే మంది పేదరికం నుంచి బయటపడతారని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2019లో అంచనా వేసింది. నా దృష్టిలో ఇది పెంపు వద్దనడానికి కారణం కాదు, దశలవారీగా పెంచడానికి కారణం. ఉద్యోగాల సంఖ్యతో పాటు పని గంటలనూ లెక్కించాలి, ఎందుకంటే కొన్నిచోట్ల కోత పడేది అక్కడే.