మీ నాయన అంబాసిడర్‌కు కార్బురేటర్ బిగించే ముందు

కడప

చిరంజీవి శైలజకు మామయ్య ఆశీస్సులు.

అనంతపురంలో మీ ఇంటి వెనుక షెడ్డులో ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి ఉన్న మీ నాయన 1984 అంబాసిడర్‌ను నువ్వే దగ్గరుండి బాగు చేస్తున్నావనీ, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను, అదీ రీబిల్డ్ చేసినదాని (పాతదాన్ని విప్పి బాగుచేసినదాని) కోసం వెతుకుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. బావే ఉంటే ఆ సంగతి ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను, తొందరపడకుండా చివరిదాకా చదువు.

ఆ 1489 సీసీ ఇంజనుకు వచ్చేది ఎస్‌యూ హెచ్‌ఎస్ 2 కార్బురేటర్. పాలిష్ మెరుపు చూసి కొనవద్దు. యాక్సిలరేటరు తొక్కితే తిరిగే ఇరుసు, అదే థ్రాటిల్ స్పిండిల్, దాని కొసను రెండు వేళ్ళతో పట్టుకొని పైకీ కిందికీ కదిలించి చూడు. లొడలొడలాడితే అక్కడి నుంచి గాలి లోపలికి పోతుంది, అప్పుడు నువ్వు ఎన్ని మరలు తిప్పినా స్లో (యాక్సిలరేటరు తొక్కనప్పటి ఇంజను వేగం) నిలవదు. కార్బురేటర్ లోపలి పిస్టన్, దాని మీది డోము ఒకదానికొకటి జతగా తయారైనవి కనుక, వేర్వేరు కార్బురేటర్ల నుంచి తీసి కూర్చినది ఎంత చవకగా వచ్చినా వద్దు. పిస్టన్‌ను ఎత్తి వదిలితే ఎక్కడా రాసుకోకుండా దిగి, అడుగున టక్కుమనాలి. బిగించాక డాష్‌పాట్ అనే నూనె గదిలో 20 నంబరు ఇంజనాయిలు పోయడం, ట్యూనింగుకు ముందు టాపెట్లు, పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్ సరిచూడడం నీకు తెలిసినవే.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. 1991 మే నెలలో రాయచోటిలో పెళ్ళికి బయలుదేరే ముందురోజు సాయంత్రం, నేనూ ఇలాగే మా అంబాసిడర్‌కు రీబిల్డ్ కార్బురేటర్ ఒకటి కొనితెచ్చి దీపం వెలుగులో బిగించాను. ఎంతోకాలం కదలని బండి అయినా ట్యాంకు కడిగించలేదు. కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె మూతకు ఉండే ఓవర్‌ఫ్లో గొట్టం స్పానరుకు అడ్డం వస్తోందని తీసి డబ్బాలో వేశాను. తెల్లవారి పెట్టవచ్చులే అనుకొని మరిచిపోయాను. మన ఇంజనులో కార్బురేటరూ, వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఒకే పక్కన, అదీ కార్బురేటర్ కిందే మానిఫోల్డ్ ఉంటాయని నాకు తెలియక కాదు. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా మీ అత్త పెట్రోలు వాసన వస్తోందన్నది. కొత్తగా బిగించినది కదా, రెండు రోజులు అలాగే ఉంటుందన్నాను. రెండో మలుపు దాటాక మళ్ళీ అన్నది. నేను విసుక్కున్నాను. మూడోసారి ఆమె ఏమీ అనకుండా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ట్యాంకులోని తుప్పు నలుసు ఒకటి వచ్చి గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ మూసుకోకుండా అడ్డుపడింది. గిన్నె నిండి పొర్లిన పెట్రోలు, పక్కకు దించే గొట్టం లేక, కాలుతున్న మానిఫోల్డ్ మీదే చుక్కలు చుక్కలుగా పడింది. బండి ఆపి నేను బానెట్‌ను ఒక్కసారిగా పైకెత్తాను. లోపల గుప్పుమన్న మంట నా పక్కన నిలబడ్డ మీ అత్త కుడిచేతిని అందుకుంది. వెనుక వస్తున్న లారీ డ్రైవరు పారతో మన్ను ఎత్తి పోయకపోతే బండే కాదు, ఇంకేమి పోయేదో ఊహించలేను. ఆ చేత్తోనే ఇప్పటికీ నాకు అన్నం వడ్డిస్తుంది. ఆ మచ్చ గురించి ఒక్కనాడూ ఎత్తలేదు, తల్లీ.

కనుక ముందు ట్యాంకు దింపించి కడిగించు. పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేయి. ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు మెత్తబడి పగుళ్ళు వారుతుంది, దానికి తట్టుకొనే గొట్టాలే అడిగి తెచ్చుకో. ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాల పాటు ఫ్లోట్ గిన్నె చుట్టూ తెల్లకాగితంతో అద్ది చూడు; తడి కనిపిస్తే వెంటనే ఆపు. మంటలు ఆర్పే పౌడరు సిలిండరు ఒకటి కొని డ్రైవరు సీటు దగ్గర పెట్టు. పెట్రోలు మంట మీద నీళ్ళు మాత్రం పోయవద్దు.

ఇంజను బాగా వేడెక్కాకే ట్యూనింగు మొదలుపెట్టు. కార్బురేటర్ కింద ఉన్న జెట్ నట్టును పైకి తిప్పితే పెట్రోలు తగ్గి మిశ్రమం పలుచబడుతుంది, కిందికి తిప్పితే పెట్రోలు పెరిగి చిక్కబడుతుంది. ఒకసారికి నట్టును ఒక్క పలక మేరకు మాత్రమే తిప్పు. తరువాత లిఫ్టింగ్ పిన్నుతో పిస్టన్‌ను అర మిల్లీమీటరుకు కాస్త పైగా, అంతకు మించకుండా ఎత్తు. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన, పడిపోయి ఆగబోతే పలుచన, ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. మైలేజీ ఆశతో పలుచన చేయవద్దు. ఈ ఇథనాల్ పెట్రోలుకు మిశ్రమం తనంతట తానే కొంత పలుచబడుతుంది, ఆపైన నువ్వూ పలుచన చేస్తే మన ఎండల్లో వాల్వులు కాలిపోతాయి.

నేను వచ్చేవరకు బండిని ఊరు దాటించకు. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు బయలుదేరుతున్నాను. ఆనాడు డబ్బాలో వేసిన ఓవర్‌ఫ్లో గొట్టం ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. మీ అత్త దాన్ని చింతపండుతో తోమి గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. నీ కార్బురేటర్‌కు గొట్టం లేకపోతే దాన్నే బిగిద్దాం.

మీ మామయ్య