దుబాయ్ టికెట్ కొనే ముందు

చిరంజీవి రాజుకు,

దుబాయ్ మూడు గంటల ప్రయాణమేనని మీ అమ్మకు చెప్పావట. శంషాబాద్ నుంచి నేరుగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 850 దాకా పోతుంది, భాగిస్తే మూడే వస్తుంది. కానీ రన్‌వే మీదికి చేరాలి, పైకెక్కాలి, అక్కడ దిగే వంతు వచ్చేదాకా ఆగాలి. పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు వేసుకో. తిరిగొచ్చేటప్పుడు మూడున్నరకు అటూఇటూ. ముఖ్యంగా చలికాలంలో పైన గాలి పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

టికెట్ చూస్తే ఈ గంటలు తెలియవు. పొద్దున 10:00కి బయలుదేరి 12:25కి చేరుతుందని రాసి ఉందనుకో, రెండున్నర గంటల్లోపే అనిపిస్తుంది. ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, అది కలుపుకుంటే 3 గంటల 55 నిమిషాలు. తిరుగు టికెట్లో రాత్రి 10:00 నుంచి తెల్లవారుజామున 3:00 అని ఉంటే ఐదు గంటలు కాదు, మూడున్నరే. కానీ తేదీ మారిపోతుంది. నిన్ను తీసుకురావడానికి వచ్చేవాళ్లకు చేరే తేదీ చెప్పు, బయలుదేరే తేదీ కాదు.

అర్ధరాత్రి దాటాక లేచే విమానాలతో ఇంకా జాగ్రత్త. 5వ తేదీ 1:30 అంటే 4వ తేదీ రాత్రి 10:30కల్లా నువ్వు ఎయిర్‌పోర్టులో ఉండాలి. 5న తీరిగ్గా అన్నం తిని బయలుదేరి టికెట్ పోగొట్టుకున్నవాళ్లు మన మండలంలోనే ఉన్నారు. మూడు గంటల ముందు రమ్మనేది ఊరికే కాదు. చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే కౌంటర్ మూసేస్తాయి, ఆ తర్వాత ఎంత బతిమాలినా వినరు.

నాలుగైదు వేలు తక్కువని ఢిల్లీ మీదుగా పోయే టికెట్ కొనకు. ఢిల్లీకి 1,260, అక్కడి నుంచి దుబాయ్‌కి 2,190, అంటే 900 కిలోమీటర్లు ఎక్కువ. అదైనా పర్వాలేదు కానీ మధ్యలో కూర్చోబెట్టే గంటలే ప్రాణం తీస్తాయి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది దొరుకుతుందో లేదోనని టెన్షన్. మొదటిసారి పోతున్నావు, డైరెక్ట్‌దే తీసుకో.

జగిత్యాల నుంచి శంషాబాద్ చేరడానికి దుబాయ్ పోయినంత సేపు పట్టొచ్చు, నవ్వకు. రాజీవ్ రహదారి మీద లారీల వెనక ఇరుక్కుంటే ఇంకా ఎక్కువే. హైదరాబాద్ లోపలికి పోనివ్వకుండా శామీర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కించమని డ్రైవర్‌కు ముందే చెప్పు.

మీ అమ్మ మసాలా పొట్లం కట్టిస్తుంది. అందులో గసగసాలు లేకుండా చూసుకో, అక్కడ వాటికి కేసు పెడతారు. డబ్బు కట్టే ముందు టికెట్ వివరాలు నాకు వాట్సాప్‌లో పెట్టు, తేదీ, టైమ్ నేనొకసారి చూస్తాను.

మీ పెదనాన్న