తల్లిదండ్రులకు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఉపయోగపడుతుందా? మా ఇంటి అనుభవం

‘మాది విజయనగరం. పదకొండేళ్ల బాబు ఏం చెప్పినా వినడం లేదు. ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ తీసుకుందామంటే ఇంట్లోవాళ్లు డబ్బు దండగ అంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా?’ అని అడిగారు. ఉంటుంది. అయితే ఆ కౌన్సెలింగ్ మీ బాబుకు కాదు, మీకు జరగాలి. మీ మాటలు విని తల ఊపేవారు కాకుండా, మీ చేత ఒక పని చేయించి, అది సరిగా వచ్చిందో లేదో చూసి దిద్దేవారు దొరకాలి. ఆ రెండూ కుదిరితే, ఎదురుగా కూర్చుని మాట్లాడినదానికంటే ఫోన్‌లో జరిగినదే మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మావారు మస్కట్‌లో వెల్డింగు పని చేస్తారు, రెండేళ్లకొకసారి వస్తారు. ఇంట్లో ఉండేది నేను, అత్తయ్య, మా తొమ్మిదేళ్ల బాబు. తరగతిలో నలభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలిగే నేను, సాయంత్రమయ్యేసరికి నా ఒక్క కొడుకు చేత కాళ్లు కడిగించలేక గొంతు పోయేలా అరిచేదాన్ని. రెండు మూడుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను, ఆ రాత్రులు నాకు నిద్ర పట్టలేదు.

మొదట పట్టణంలో ఒకరి దగ్గరకు నేరుగానే తీసుకువెళ్లాం. ఆయన బాబును ఎదురుగా కూర్చోబెట్టుకుని, అమ్మ ఎంత కష్టపడుతోందో, నాన్న ఎండలో ఎలా పనిచేస్తున్నారో అరగంట సేపు చెప్పారు. బాబు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మర్నాడు సాయంత్రం బడిసంచి మళ్లీ గుమ్మానికి అడ్డంగానే పడి ఉంది. పసివాడి చేత తప్పు చేశానని ఏడిపించడం వైద్యం ఎలా అవుతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు. బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలకు వక్తలను పిలిపించి ఇప్పించే ఉపన్యాసాలదీ ఇదే తీరు. ‘పిల్లలకు ప్రేమను పంచండి’ అంటారు, కానీ సాయంత్రం ఏడింటికి పుస్తకం తీయనని మొండికేసిన పిల్లవాడికి ఏ మాటలతో, ఎంత దూరంలో నిలబడి ప్రేమను పంచాలో ఒక్కరూ చెప్పరు.

తరువాత, తోటి ఉపాధ్యాయురాలు చెప్పగా, హైదరాబాదులో ఉండే ఒక క్లినికల్ సైకాలజిస్టుతో వారానికొకసారి వీడియోలో మాట్లాడడం మొదలుపెట్టాం. మూడో వారం ఆవిడ, ‘ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టి మీ పని మీరు చేసుకోండి, పది నిమిషాలు నేనేమీ మాట్లాడను’ అన్నారు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టాను. మాకు సాయంత్రం ఏడైతే మస్కట్‌లో ఐదున్నర, అప్పుడే పని నుంచి వచ్చిన మావారు కూడా అదే కాల్‌లో ఉన్నారు. పది నిమిషాలయ్యాక ఆవిడ తను రాసుకున్న కాగితం చూసి చదివారు. నేను బాబుకు పంతొమ్మిది పనులు చెప్పానట, అందులో పద్నాలుగు వంటింట్లోంచే, వాడి ముఖం చూడకుండా చెప్పానట. వాడు వాటిలో మూడు చేశాడు. ఆ మూడింటికీ నేను ఒక్క మాట కూడా అనలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడు మూడు పనులు చేశాడన్న సంగతే నాకు తెలియదు.

అప్పుడు ఆవిడ వివరించిన తీరు నాకు బాగా గుర్తుంది. తల్లి పని చెబుతుంది, బిడ్డ మొరాయిస్తాడు, తల్లి గొంతు పెంచుతుంది, బిడ్డ ఇంకా పెంచుతాడు, చివరికి తల్లి విసిగి వదిలేస్తుంది. మొరాయిస్తే పని తప్పుతుందని బిడ్డ నేర్చుకుంటాడు. ఏనాడైనా పెద్ద కేకకు బిడ్డ కదిలితే, కేక వేస్తేనే పని జరుగుతుందని తల్లి నేర్చుకుంటుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్‌సన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దశాబ్దాల క్రితమే కుటుంబాలను వాళ్ల ఇళ్లలో గమనించి ఈ వలయాన్ని గుర్తించారని చెప్పారు. ఇళ్లలో గమనించి అన్న మాట దగ్గరే నా నమ్మకం కుదిరింది. ఆసుపత్రి గదిలో మా వంటిల్లు ఎవరికి కనిపిస్తుంది?

ఆ వారం మాకు ఇచ్చిన పని ఒక్కటే. చెయ్యి చాచితే అందేంత దగ్గరకు వెళ్లి, మామూలు గొంతుతో, ఒకసారికి ఒక్క పనే చెప్పి, మనసులో ఐదు లెక్కపెట్టేవరకు ఆగాలి, చేస్తే వెంటనే గుర్తించి చెప్పాలి. ఇక్కడే అత్తయ్య అడ్డం వచ్చారు. ‘గుంటడిని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం కాదేటమ్మా?’ అన్నారు. సైకాలజిస్టు అత్తయ్య మాటను తీసిపారేయలేదు. ‘అయితే పిల్లవాడిని పొగడవద్దమ్మా, వాడు చేసిన పని పేరు చెప్పండి చాలు’ అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ‘మంచి బాబువి’ అన్న మాట లేదు, ‘సంచి మేకుకు తగిలించావు, చూశాను’ అన్న మాటే ఉంది. పొగడ్త కంటే ఆ మాటకే వాడి ముఖం విప్పారుతుంది. ఆ తరువాత అత్తయ్యే మనవడి వేషం కట్టి ‘ఇదిగో వస్తన్నాను’ అని సాగదీస్తుంటే, నేను ఆవిడతో అభ్యాసం చేశాను. మావారు చేయవలసిన పని వేరు. రోజూ ఫోన్ చేయగానే ‘అల్లరి చేశావా, మార్కులెన్ని’ అని అడగకుండా, ముందు వాడు చెప్పేది వినాలి. మస్కట్‌లో ఉన్న తండ్రిని ఏ ఆసుపత్రి గదికి తీసుకురాగలను? వలస వెళ్లిన తండ్రులు ఇంతమంది ఉన్న మా జిల్లాకు ఈ ఒక్క కారణంతోనే ఆన్‌లైన్ పద్ధతి తగినదని అంటాను.

ఈ పని మొదలుపెట్టిన రెండో వారంలో పరిస్థితి ఇంకా పాడైంది. కేకలు ఆగిపోయేసరికి వాడు కొత్తగా పరీక్షపెట్టి, ఒక రాత్రి టిఫిను డబ్బా గోడకు విసిరాడు, మూత సొట్టపోయింది. ఇలా ఒకసారి పెచ్చరిల్లి తరువాత తగ్గుతుందని ఆవిడ ముందే చెప్పి ఉండకపోతే నేను ఆ రాత్రే మానేసేదాన్ని. గొడవ జరిగిన రోజు గోడ మీది క్యాలెండరులో తిథి పక్కన చుక్క పెట్టేదాన్ని. మొదట్లో వారానికి ఆరు చుక్కలు ఉండేవి, రెండు నెలలు తిరిగేసరికి ఒకటో రెండో మిగిలాయి.

కొన్నిటికి మాత్రం ఇది చాలదు. బిడ్డ తనకు తాను హాని చేసుకుంటానన్నా, మాటలు ఆలస్యంగా వస్తున్నా, మూర్ఛలు ఉన్నా వైద్యుడికి నేరుగా చూపించాలి. రాత్రివేళ దిక్కుతోచకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అయితే అది ఆ పూటకు ఆదుకునే సేవ, వారం వారం దిద్దే శిక్షణకు అది బదులు కాదు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారిని ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు సంఖ్య అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవారికీ, ఇరవై ఒక్క రోజుల్లో బిడ్డను మార్చేస్తామని ముందే డబ్బు కట్టించుకునేవారికీ దూరంగా ఉండండి.

ఇంకొక మాట. మీ ఇంట్లో గొడవ ఏ వేళకు మొదలవుతుందో ఆ వేళకే సమయం అడగండి. మాకు మొదటి రెండు వారాలు ఆదివారం పొద్దున్నే కుదిరింది, అప్పుడు బాబు శివాలయం వెనుక క్రికెట్ ఆడుతూ ఉండేవాడు, నేను వాడి గురించి ఫిర్యాదులు చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని. సాయంత్రం ఏడింటికి మార్చుకున్నాకే ఆవిడకు మా ఇల్లు కనబడింది.