వంటింటి ఉత్తరాలు: బాలింతకు ఏం వండిపెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బాలింత భోజనం గురించే. అందుకని మిగతావాళ్ళంతా, ముఖ్యంగా నిమ్మకాయ పచ్చడి బూజు పడుతోందన్నవాళ్ళు, వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

పిన్నిగారూ, మాది విజయనగరం, ఉద్యోగం బెంగళూరులో. మా ఆవిడకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు, పాప పుట్టింది. మా అమ్మ లేదు, అత్తగారు మోకాలి ఆపరేషన్ వల్ల రాలేని పరిస్థితి. నాకు వచ్చిందల్లా అన్నం, పప్పు, ఆమ్లెట్. యూట్యూబ్‌లో ఒకరు తినమన్నది ఇంకొకరు వద్దంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. రోజూ ఏం వండమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

బాబూ, అన్నం, పప్పు వచ్చంటే ముప్పాతిక వంట వచ్చినట్టే, యూట్యూబ్ కట్టెయ్యి. ఆస్పత్రిలో మామూలు భోజనం పెట్టొచ్చని చెప్పాకే పంపించి ఉంటారు కాబట్టి ఇప్పుడు నువ్వు చూసుకోవాల్సింది రెండే: వేళకి వేడిగా అన్నం ఉండటం, వేళకాని వేళ ఆకలేస్తే చేతికందేట్టు ఏదో ఒకటి ఉండటం. పాలిచ్చే తల్లికి ఆకలి మామూలుగా ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలూ మామూలు తిండికి పైన రోజుకి 600 కేలరీలు కావాలి, అంటే ఇంకో చిన్న భోజనం అన్నమాట. పథ్యం పేరుతో కారప్పొడీ అన్నంతో సరిపెట్టేస్తే ఆ లోటు ఆమె ఒంట్లోంచే పోతుంది.

పొద్దున్నే కుక్కర్లో రెండు గిన్నెలు పెట్టు. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పెసరపప్పు, పప్పులో చిటికెడు పసుపు, గుప్పెడు మెంతికూరో పాలకూరో తోటకూరో. దించాక నెయ్యిలో జీలకర్ర, దంచిన వెల్లుల్లి, కరివేపాకు పోపు. మిరపకాయ బదులు మిరియాల పొడి వెయ్యి, రుచిగానే ఉంటుంది. పప్పు పైన తేరిన కట్టు ఒక గ్లాసు తీసి మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచి వేసి మరిగించావంటే చారు కూడా అయిపోయింది. నీ ఆమ్లెట్ ఎలాగూ ఉంది, దాన్ని చిన్నచూపు చూడకు, రోజూ గుడ్డు పెట్టడం చాలా మంచిది, పచ్చసొన ఉడికితే చాలు.

ఇక నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సిన కూర ఒకటే చెప్తాను, బీరకాయ పాలుపోసిన కూర. లేతవి చెక్కు తీసి, ఒక్కో కాయా చేదు చూసి (ఈ పని మర్చిపోకు, ఒక్క చేదు కాయ కూరంతా పాడుచేస్తుంది) ముక్కలు కోసుకో. మినప్పప్పు, జీలకర్ర, కరివేపాకు పోపులో ముక్కలు వేసి మూత పెడితే దాని నీళ్ళతోనే మగ్గుతుంది, పైన చుక్క పొయ్యక్కర్లేదు. ముక్క మెత్తబడి నీరు ఇగిరాక కాచిన పాలు అరగ్లాసు పోసి సన్న సెగన దగ్గరపడనిచ్చి, స్టవ్ కట్టేశాక ఉప్పు వెయ్యి. ముందే ఉప్పు వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది. ఇదే పద్ధతిలో ఆనపకాయ, పొట్లకాయ కూడా చెయ్యొచ్చు. వారంలో నాలుగు రోజులు ఇలా గడిచిపోతాయి.

మొదటి ముద్ద శొంఠిపొడీ నెయ్యీ కలిపి పెట్టడం మనవైపు ఆనవాయితీ. ఆమెకి ఇష్టమైతే పెట్టు, పావు చెంచా పొడి చాలు. గొంతులో మంట, కడుపులో మంట అంటే ఆ పూటకి మానెయ్యి.

ఆపరేషన్ అయింది కాబట్టి విరేచనం బిగపట్టకుండా చూసుకోవాలి, కుట్ల దగ్గర ఆ బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళు, ఆకుకూరలు, పండిన బొప్పాయి, జామపండు ఉండాలి. ఐరన్ మాత్రలు వాడుతుంటే దానివల్ల కూడా బిగిస్తుంది, అలాగని మానకూడదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో కూడా కాన్పయ్యాక 180 రోజులు వేసుకోమనే చెప్తారు. ఐరన్ మాత్రనీ కాల్షియం మాత్రనీ ఒకేసారి ఇవ్వకు, ఐరన్ వేసుకున్న గంటా గంటన్నర దాకా టీ, పాలు వద్దు. చాలా ఇళ్ళల్లో రెండూ కలిపి పాలతో మింగించేస్తారు, అంత కష్టపడి మింగినదాంట్లో ఒంటికి పట్టేది కొంచెమే.

రాత్రి సంగతి. రెండింటికి పాప లేచి పాలు తాగుతుంటే తల్లికి కడుపులో కరకరలాడుతుంది, అప్పుడు వంటింట్లోకి వెళ్ళే ఓపిక ఉండదు, పైగా ఒక చెయ్యే ఖాళీ. అందుకని మంచం పక్కన నీళ్ళ సీసా, ఫ్లాస్కులో పాలు, డబ్బాలో సున్నుండలో నువ్వుండలో పెట్టు. సున్నుండలు నీకు రాకపోతే కొనుక్కో, తప్పేం లేదు. ఆమెకి సుగర్ ఉందని చెప్పి ఉంటే మాత్రం ఉండల బదులు వేయించిన వేరుశెనగలు, ఉడికించిన గుడ్డు.

ఒక్కమాట, నువ్వు వండుతున్నావని ఊళ్ళో ఎవరైనా నవ్వితే ఫోన్ పెట్టేసి కుక్కర్ విజిల్ చూసుకో.

అక్కా, నాకు బాబు పుట్టాడు. మా అమ్మది అమలాపురం, అత్తగారిది జగిత్యాల. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, అది నా అదృష్టం, అదే నా కష్టం కూడా. అత్తమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, మటన్ బొక్కల చారు అంటుంది. అమ్మ తెలగపిండి, కాయం (శొంఠి, పిప్పళ్ళు, బెల్లం పాకంతో చేసే బాలింత మందు), పాలుపోసిన కూరలు అంటుంది. నీళ్ళు ఎక్కువ తాగకూడదు, పెరుగు తినకూడదు అనే విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

అమ్మాయ్, వాళ్ళు కొట్లాడుకుంటున్న వంటలన్నీ హాయిగా తిను, ఇద్దరూ ఒప్పుకున్న ఆ రెండు మాటలే వినకు.

నీళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని, కుట్లు చీము పడతాయని మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న భయం. పొట్టకీ నీళ్ళకీ సంబంధం లేదు, చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పాలలో ఎక్కువ భాగం నీరే, పాలివ్వగానే నాలుక పిడచకట్టుకుపోతుందంటే ఒళ్ళు అడుగుతోందన్నమాట. దాహమేసినప్పుడల్లా తాగు. గోరువెచ్చగా ఇస్తామంటే సరే, ఆ మాత్రం రాజీ పడొచ్చు. పెరుగు కూడా అంతే, నువ్వు పెరుగన్నం తింటే బాబుకి జలుబు చెయ్యదు. నువ్వు పప్పు తింటే వాడికి గ్యాస్ వస్తుందనేది కూడా నిజం కాదు, నీ పేగుల్లో గాలి నీ పాలలోకి పోదు. ఎప్పుడైనా బాబు విరేచనంలో నెత్తురు కనిపించినా, ఒంటి నిండా దద్దుర్లు వచ్చినా అప్పుడు డాక్టరుకి చూపించాలి గానీ ముందే భయపడి అన్నీ మానేసుకోకూడదు.

మీ అత్తగారి జొన్నరొట్టె, మెంతికూర, ఆనిగెపుకాయ పప్పు ఎంత మంచి భోజనమో మీ అమ్మకి నువ్వే చెప్పు. బొక్కల చారు వేడిగా కమ్మగా ఉంటుంది, తాగబుద్ధేస్తుంది, కానీ బలమంతా చారులోనే ఉందనుకుని ముక్కలు వేరేవాళ్ళకి వెయ్యొద్దని చెప్పు, మాంసకృత్తులు ఎక్కువుండేది మాంసంలోనే.

తెలగపిండి అంటే మాత్రం నేను కాస్త పక్షపాతం చూపిస్తాను, గోదావరి నీళ్ళు తాగినదాన్ని కదా. నువ్వులు గానుగాడితే నూనె పోగా మిగిలే పిండి ఇది, నూనె పోయినా మాంసకృత్తులు అందులోనే ఉండిపోతాయి. మునగాకుతో వండితే దానికి తిరుగులేదు. ఎసట్లో ఉప్పు, పసుపు వేసి మరిగాక శుభ్రం చేసిన మునగాకు వేసి మెత్తబడనిచ్చి, తెలగపిండి చల్లుతూ కలిపి, నీరంతా పీల్చుకుని పొడిపొడిగా అయ్యేదాకా సన్నసెగన ఉంచి, చివర్లో నువ్వులనూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి ఒకటి, జీలకర్ర, కరివేపాకు పోపు దండిగా పెట్టాలి. వెల్లుల్లి పొదుపు చేస్తే ఈ కూర తినలేం. హైదరాబాదులో కొనేటప్పుడు జాగ్రత్త: మనుషులు తినడానికని ఆడించిన తాజా పిండే అడగండి, పశువుల దాణా కోసం అమ్మే చెక్కలో ఇసుక ఉంటుంది, ముక్క వాసన కూడా వస్తుంది.

పాలు పెరిగేది మాత్రం తెలగపిండి వల్లనో వెల్లుల్లి వల్లనో అనుకోకు. బిడ్డ ఎంత తరచుగా, ఎంత బాగా పట్టి తాగితే పాలు అంత పడతాయి. వంట పని నిన్ను నిలబెట్టడం వరకే. అందుకే "పాలు చాలట్లేదు, ఇంకా తిను" అని ఎవరైనా సతాయిస్తే బాధపడకుండా, బాబు సరిగ్గా పడుతున్నాడో లేదో నర్సుకి చూపించు.

మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, వచ్చే నెల పురుడు. నేను వెళ్తున్నాను. కాయం, పొడులు తీసుకెళ్ళొచ్చా? నెయ్యి డబ్బా కూడా సర్దుకోమంటారా?
– కాబోయే అమ్మమ్మ, గుంటూరు

నెయ్యి మోసుకెళ్ళకండి. అక్కడ ఉప్పు కలపని వెన్న ప్రతి కొట్లో దొరుకుతుంది, ఇంట్లో కాచుకోండి, ఇల్లంతా వాసన వచ్చి అమ్మాయికి సగం నీరసం అక్కడే పోతుంది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము విడిగా, ప్యాకెట్ మీద పేరున్నవి తీసుకెళ్ళి బెల్లం పాకం అక్కడే పట్టండి. తినే వస్తువులు ఏమున్నా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకి ఉన్నాయని చెప్పాలి, దాచడం వల్లే జరిమానాలు. మాంసం ఉన్న పచ్చళ్ళు అసలే వద్దు. కాయం ముద్ద చిన్న ఉసిరికాయంత చాలు, మంచిదని మూడు పూటలా పెడితే మంట తప్ప లాభం లేదు. కొట్లలో అమ్మే బాలింత లేహ్యాల మీద దినుసులేమిటో రాసి లేకపోతే కొనొద్దు. ఇంకొకటి, పుట్టగానే నాలిక మీద తేనె రాయించకండి. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. అక్కడి డాక్టర్లు ఎలాగూ చెప్తారు, ఇక్కడ ఉన్న అమ్మమ్మలకి కూడా ఇదే మాట.

మా కాకినాడలో బాలింతకి సొరపుట్టు పెట్టకపోతే పురుడే కాదంటారు. మా కోడలు గూగుల్‌లో చూసి సొరచేప వద్దంటోంది. పిల్ల మాట వినాలా?
– ఒక అత్తగారు, కాకినాడ

ఈసారికి పిల్ల మాటే వినండి వదినా. సొరపుట్టు ఎంత బాగుంటుందో నాకు తెలియక కాదు, ఉడికించి తోలు తీసి, చిదిమి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లితో వేయిస్తే ఇంకో కూర అక్కర్లేదు. కానీ సొర ఇతర చేపల్ని తిని బతుకుతుంది, ఎక్కువకాలం బతుకుతుంది, దాంతో ఒంట్లో పాదరసం పోగవుతుంది. అమెరికాలో ఆహార భద్రత చూసే ఎఫ్‌డీఏ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ సొరచేప వద్దనే చెప్పింది. మన పాలసొర చిన్నదే కదా అంటారు, నిజమే, పెద్దవాటికన్నా నయం, అయినా ఆ పూటకి బదులు మంచిది ఉన్నప్పుడు పట్టుదల ఎందుకు? మెత్తళ్ళు తెచ్చి అచ్చం అలాగే పుట్టు చెయ్యండి, కవళ్ళు పలచటి పులుసు పెట్టండి. చిన్న చేపల్లో పాదరసం తక్కువ, మెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా దొరుకుతుంది.

మా చెల్లికి కాన్పయి నెల దాటింది. ఏం వండినా రెండు ముద్దలు తిని పక్కన పెట్టేస్తోంది, ఊరికే ఏడుస్తోంది, పాప పడుకున్నా తనకి నిద్ర పట్టట్లేదు. ఏం పెడితే తింటుంది?
– ఒక అక్క, నల్గొండ

తల్లీ, ఇది వంటతో పోయేది కాదు. మొదటి వారం పది రోజులు కళ్ళనీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాలు దాటినా తగ్గలేదంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావొచ్చు. మందులున్నాయి, పాలిస్తూ కూడా వాడదగ్గవి ఉన్నాయి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఏమైనా చేసుకుంటాననో పాపని ఏమైనా చేస్తాననో మాట వస్తే ఆ రోజే, ఆ గంటే, ఒక్కదాన్నీ వదలకుండా. "పిల్లతల్లివి, అలా ఏడవకూడదు" అని ఇంట్లో ఎవరినీ అననివ్వకు. ఈలోపు పలచగా కిచిడీ, రాగిజావ, మజ్జిగ కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండు, తినకపోతే కోప్పడకు. రాత్రి పాపని నువ్వు ఎత్తుకుని తనని నాలుగు గంటలు నిద్రపోనిచ్చావంటే ఏ కూరా చెయ్యలేని మేలు చేసినట్టు.

పక్క ఫ్లాట్‌లో వాళ్ళకి పాప పుట్టింది. చూడ్డానికి వెళ్తూ ఏం తీసుకెళ్తే బాగుంటుంది? గౌన్లు అందరూ ఇస్తారు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

కూర తీసుకెళ్ళండి. స్వీట్ బాక్సులు వాళ్ళింట్లో గుట్టగా ఉంటాయి, కూర మాత్రం ఉండదు. ముందురోజే ఫోన్ చేసి తల్లికి ఏదైనా పడదా అని కనుక్కుని, కారం తక్కువగా, ఇంటిల్లిపాదికీ ఒక పూటకి సరిపడా చెయ్యండి. పప్పు, దోసపిండి, కరివేపాకు కారప్పొడి, ఏదైనా సరే. తిరిగి అడగక్కర్లేని డబ్బాలో ఇవ్వండి, లేకపోతే మీ గిన్నె కడిగి పంపించే పని ఇంకొకటి వాళ్ళకి. టీ పెడతామంటే వద్దని చెప్పి, మీకు జలుబు, దగ్గు లాంటివి ఉంటే లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే ఇచ్చి వచ్చెయ్యండి. పదో రోజు దాటాక ఇంకోసారి పంపితే ఇంకా మంచిది, మొదటి వారం వచ్చే చుట్టాలు అప్పటికి సర్దుకుని వెళ్ళిపోయి ఉంటారు.