‘హలాల్ ప్రాఫిట్’ ఆగిపోయింది, అసలైనా వస్తుందా?

ప్రశ్న: మాది సూర్యాపేట సార్, ఇప్పుడు టోలిచౌకీలో ఉంటున్నాం. వడ్డీ తినకూడదని బ్యాంకులో ఎఫ్‌డీ వేయలేదు. 2023లో తెలిసినవాళ్ళు చెప్తే ఒక కంపెనీలో 6 లక్షలు పెట్టాను, లక్షకి నెలకి 2,500 ప్రాఫిట్ అన్నారు, ఎప్పుడడిగినా అసలు ఇచ్చేస్తామన్నారు. ఎల్ఎల్‌పీలో (పరిమిత బాధ్యత ఉండే పార్ట్‌నర్‌షిప్ సంస్థలో) నేను పార్ట్‌నర్ అని అగ్రిమెంట్ రాసి, తేదీ వేయకుండా 6 లక్షలకి చెక్కు ఇచ్చారు. అయిదు నెలల నుంచి పైసా లేదు. అడిగితే నువ్వు పార్ట్‌నర్‌వి, నష్టంలో నీకూ వాటా ఉంది అంటున్నారు. మా బావమరిదితో కూడా 4 లక్షలు పెట్టించాను, నాకు కొంచెం కమిషన్ వచ్చింది. కేసు పెట్టొచ్చా? ఇండియాలో ఇస్లామిక్ బ్యాంకు ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదా?

జవాబు: కేసు పెట్టొచ్చు భాయ్, ఆలస్యం చేయకండి. వాళ్ళు పట్టుకు వేలాడుతున్నది ఆ ‘పార్ట్‌నర్’ అనే ఒక్క ముక్కే, ఎందుకంటే 2019లో వచ్చిన బడ్స్ చట్టంలో, అంటే అనుమతి లేని డిపాజిట్ స్కీములని నిషేధించే చట్టంలో, పార్ట్‌నర్లు పెట్టిన క్యాపిటల్ డిపాజిట్ కిందకి రాదు అని ఉంది, ఇది తెలిసిన కంపెనీలే జనాన్ని ఎల్ఎల్‌పీలో పార్ట్‌నర్లని చేస్తాయి. బెంగళూరులో హలాల్ లాభం పేరుతో జనం దగ్గర డబ్బు తీసుకున్న ఐఎంఏ అనే కంపెనీ కూడా ఇదే ఎత్తు వేసింది, 2019 జూన్‌లో దాని ఓనరు దేశం దాటిపోయేదాకా చాలామంది తాము పార్ట్‌నర్లమనే అనుకున్నారు.

కానీ కోర్టు కాగితం పేరు చూసి ఆగిపోదు, లోపల ఏం నడిచిందో చూస్తుంది. మీ కేసులో చూడాల్సింది ఒక్కటే, అసలు తిరిగి ఇస్తామని మాట ఇచ్చారా లేదా. ఇచ్చారు, చెక్కు కూడా ఇచ్చారు. నిజమైన పార్ట్‌నర్‌కి వ్యాపారం బాగుంటే ఎక్కువ, దెబ్బతింటే తక్కువ వస్తుంది గానీ ప్రతి నెలా లెక్క తప్పకుండా 15,000 పడదు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, అదే మీ పెద్ద సాక్ష్యం. అలాగే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో ఫీజు కట్టి ఆ ఎల్ఎల్‌పీ ఫైల్ చేసిన ఫామ్ 4 చూడండి, కొత్త పార్ట్‌నర్‌ని చేర్చుకుంటే అది వేయాలి, అందులో మీ పేరు లేకపోతే వాళ్ళ వాదన అక్కడే సగం పోతుంది. ఇంక ‘మేం ఇచ్చింది వడ్డీ కాదు, లాభం’ అంటారా, చట్టంలో డిపాజిట్ నిర్వచనంలోనే వడ్డీ, బోనస్, లాభం, ఏ రూపంలో ఇచ్చినా అని రాసి ఉంది.

నేను ఆలిమ్‌ని (మత పండితుడిని) కాదు గానీ ఈ కేసులు చూసేటప్పుడు తెలుసుకున్నది చెప్తా, ముదారబాలో, అంటే ఒకరి డబ్బు, ఇంకొకరి పనితో నడిచే వ్యాపారంలో, లాభాన్ని ఇంత వంతు నీకు ఇంత వంతు నాకు అని పంచుకోవాలి, పెట్టిన డబ్బు మీద నెలకి ఇంత అని ఫిక్స్ చేయకూడదు, నష్టమొస్తే పెట్టుబడి పెట్టినవాడే భరించాలి. అంటే మీకు అమ్మింది షరియా ప్రకారం కూడా నిలబడదు. డబ్బు తీసుకునేటప్పుడు ఫిక్స్‌డ్, తిరిగి ఇచ్చేటప్పుడు పార్ట్‌నర్‌షిప్, ఇదేం లెక్క!

చెక్కు సంగతి జాగ్రత్త. తేదీ వేశాక మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి, బౌన్స్ అయితే మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక వాళ్ళకి 15 రోజులు టైము, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 (చెక్కు బౌన్స్) కింద కోర్టులో కంప్లైంట్. ‘అది సెక్యూరిటీ చెక్కు’ అన్నంత మాత్రాన తప్పించుకోలేరు, బాకీ ఉంటే చాలు. తేదీ మీ అంతట మీరు వేసేయకండి, ముందు వకీలుకి చూపించండి. ఈలోగా పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వండి, బడ్స్ చట్టంతో పాటు తెలంగాణ డిపాజిటర్ల రక్షణ చట్టం, డబ్బు తీసుకున్నది 2023లో కాబట్టి పాత ఐపీసీ 420 చీటింగ్ కింద. లోకల్ స్టేషన్లో ‘ఇది సివిల్ మ్యాటర్’ అని పంపించేస్తే, మీలాంటివాళ్ళు నలుగురు కలిసి సీసీఎస్‌కి (పోలీసుల సెంట్రల్ క్రైమ్ స్టేషన్‌కి) వెళ్ళండి, ఒక్కరు వెళ్తే పట్టించుకోరు, ఇది మన ఊళ్ళో మామూలే. అయితే ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు, ఆస్తులు అటాచ్ చేసి, అమ్మి, పంచడానికి ఏళ్ళు పడుతుంది. ఇలాగే హలాల్ లాభమని జనం డబ్బు తీసుకున్న హీరా గోల్డ్ కంపెనీలో 2018లో అరెస్టులు మొదలయ్యాయి, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మీరు చూసే ఉంటారు.

ఇస్లామిక్ బ్యాంకు ఉంటే అన్నారు. మన బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం, 1949 సెక్షన్ 8 ప్రకారం బ్యాంకు సరుకు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు, మురాబహా అంటేనే బ్యాంకు వస్తువు కొని లాభం వేసుకుని మీకు వాయిదాల్లో అమ్మడం, అందుకే కుదరట్లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్ గురించి చెప్పింది, కానీ 2017లో ఆర్బీఐ ఆ ప్రతిపాదన ముందుకు తీసుకెళ్ళట్లేదని తేల్చేసింది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, దారి మూసేస్తే జనం సందుల్లోకి పోతారు. కానీ బ్యాంకు ఉన్నా సరిపోదు. ఈజిప్టులో 1980ల్లో అల్-రయాన్ లాంటి ఇస్లామిక్ కంపెనీలు బ్యాంకుల కంటే ఎక్కువ ఇస్తామని జనం డబ్బు లాగి కూలిపోయాయి, 1988లో గవర్నమెంటు ప్రత్యేక చట్టం తేవాల్సొచ్చింది. టర్కీలో 2001 సంక్షోభంలో ఇహ్లాస్ ఫైనాన్స్ అనే వడ్డీలేని సంస్థ మూతపడింది, దాని ఖాతాలకి డిపాజిట్ ఇన్సూరెన్స్ లేదు. మలేషియా 2013 చట్టంలో మాత్రం రెండుగా విడగొట్టారు, అసలుకి గ్యారంటీ ఉండే డిపాజిట్ వేరు, నష్టం భరించాల్సిన ఇన్వెస్ట్‌మెంట్ ఖాతా వేరు, మొదటిదానికే ఇన్సూరెన్స్. మీ కంపెనీ ఈ రెండూ కలిపేసింది.

బావమరిది విషయం మీరు చివర్లో అలా అనేశారు గానీ నాకు అదే ఎక్కువ భయం. తప్పుడు మాటలని తెలిసి కూడా ఇలాంటి స్కీములో ఇంకొకరిని చేర్పిస్తే బడ్స్ చట్టంలో అయిదేళ్ళ దాకా జైలు ఉంది. మీకు తెలియదు, మీ డబ్బూ పోయింది, అది మీకు కలిసొచ్చే మాట, కానీ కమిషన్ తీసుకున్న సంగతి దాచిపెట్టి ఫిర్యాదు ఇస్తే అవతలి వకీలు దాన్నే బయటికి తీస్తాడు. కాబట్టి ఎంత వచ్చిందో, ఏ తేదీన వచ్చిందో ఫిర్యాదులోనే రాయండి, ఆ డబ్బు ఖాతా నుంచే బావమరిదికి పంపండి, ఆయన ఫిర్యాదు కూడా మీతో పాటే, అదే రోజు పడేలా చూడండి.