రెండో ఆపరేషన్‌కు తేదీ ఒప్పుకునే ముందు

చిరంజీవి సుధకు,

పిన్ని ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. నేను ఏం చెప్పినా "సరే పిన్నీ" అని పెట్టేశావు. కాగితం మీద రాస్తే రెండోసారి చదువుకుంటావని ఈ ఉత్తరం.

అయిదేళ్ల కిందట స్లీవ్, అదే బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కోసి సన్నగా చేసే ఆపరేషన్, చేయించుకుని 32 కిలోలు తగ్గావు, అందులో 18 మళ్లీ వచ్చాయి. దానికి నువ్వు దొంగతనం చేసి దొరికిపోయినట్టు మాట్లాడుతున్నావు. నా లెక్క కూడా విను. 2013లో నేను 112 కిలోలు. స్లీవ్ తరవాత 74కి దిగాను. చుట్టాలందరూ "గుర్తు పట్టలేకపోయామే" అన్న రోజులవి. 2021 వచ్చేసరికి 96. ఈసారి కూడా గుర్తు పట్టలేకపోయారు, కాకపోతే ఎవరూ పైకి అనలేదు. బరువు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది రాత్రుళ్లు. సరిగ్గా రెండు గంటలకు గొంతులోకి పులుపు ఎగదన్నేది, దగ్గు తెర ఆగేది కాదు. నాలుగు దిండ్లు పెట్టుకున్నా లాభం లేక మీ బాబాయి మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. ఆ ఇటుకలు ఇంకా పెరట్లోనే ఉన్నాయి.

అప్పుడు నేను చేయబోయిన తప్పే నువ్వు ఇప్పుడు చేయబోతున్నావని నా భయం. మొదట చూపించుకున్న డాక్టరు నన్ను పది నిమిషాలు చూశారు. బరువు చూసి, పాత కాగితం తిరగేసి, "జీర్ణాశయం సాగిపోయింది, బైపాస్ చేసేద్దాం, వచ్చే గురువారం ఖాళీ ఉంది" అన్నారు. ఎండోస్కోపీ ఊసే లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎవరో ఒకరు తేదీ చెప్పారు కదా అని. మర్నాడు అడ్వాన్సు కట్టడానికి మీ బాబాయి బ్యాంకుకు వెళ్తే సర్వర్ పనిచేయలేదు. దాంతో రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజుల్లో ఇంకో సర్జన్‌ను కలిశాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "సాయంత్రం నాలుగు నుంచి ఏడు లోపల ఏం తింటారు?"

సుధా, తేదీ కన్నా ముందు తేలాల్సింది, మొదటి ఆపరేషన్ ఎందుకు పనిచేయడం మానేసిందన్నది. ఆ జవాబు లేకుండా ఎవరు ఎంత మంచి సర్జరీ చేసినా మళ్లీ నాలుగేళ్లకు ఇదే ఉత్తరం నేను ఇంకోసారి రాయాల్సి వస్తుంది.

నాకు ఆ జవాబు రెండు ముక్కలుగా దొరికింది. వారం రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ పుస్తకంలో రాయమన్నారు. భోజనాలు చూస్తే పక్షి తిన్నంత. మధ్యలో మాత్రం గుప్పెడు మిక్చర్, రెండు జంతికలు, చక్కెర వేసిన టీ అయిదు సార్లు, మనవడు వదిలేసిన ఐస్‌క్రీం. సన్నబడిన జీర్ణాశయం కూర ముక్కను ఆపుతుంది కానీ కరిగిపోయే తిండిని ఆపలేదు, జారిపోతుంది. నేను తక్కువ తింటున్నానని ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని, అది అబద్ధమని నాకే తెలియదు. రెండో ముక్క ఎండోస్కోపీలో బయటపడింది. జీర్ణాశయం పై భాగం కొంత ఛాతీలోకి జారింది, దాన్నే హయాటస్ హెర్నియా అంటారు. అన్నవాహిక కింది భాగమంతా ఒరిసిపోయి ఉంది. బేరియం తాగించి ఎక్స్‌రే కూడా తీశారు.

నీ విషయంలో కారణం వేరే కావచ్చు. థైరాయిడ్ చూపించావా? డిప్రెషన్‌కు వాడే మందుల్లో కొన్ని, స్టెరాయిడ్లు, ఇన్సులిన్ బరువు పెంచుతాయి. నువ్వు ఏడాదిగా వాడుతున్న మాత్రల పేర్లన్నీ రాసి తీసుకెళ్లు. రాత్రి డ్యూటీలు, నిద్ర లేకపోవడం కూడా చెప్పు. సిగ్గుపడి దాచావంటే డబ్బులిచ్చి తప్పు వైద్యం కొనుక్కున్నట్టే.

ఇప్పుడు ఆపరేషన్ల సంగతి. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి అరటికాయలాంటి సన్నని గొట్టం మిగులుస్తారు. అడుగున ఉన్న కవాటం అలాగే ఉంటుంది. ఒక పక్క మూసిన గొట్టాన్ని నొక్కితే లోపలిది రెండో పక్కకు వస్తుంది కదా, కొందరిలో ఆమ్లం అలా పైకి తంతుంది. ఏళ్ల తరబడి అలా తంతే అన్నవాహిక లోపలి పొర మారిపోయే ప్రమాదం ఉంది. దానికి బారెట్స్ అని పేరు, క్యాన్సర్‌కు దారితీయవచ్చని దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. అందువల్ల పులుపు తన్నడమే ముఖ్య బాధ అయిన నాలాంటివాళ్లకు సాధారణంగా రూ-ఆన్-వై బైపాస్ సూచిస్తారు. రూ అనేది స్విట్జర్లాండ్ సర్జన్ ఒకాయన ఇంటిపేరు. పై భాగంలో రెండు పెద్ద చెంచాలు పట్టేంత సంచి చేసి, చిన్నపేగును కోసి కింది కొసను దానికి కలుపుతారు. పైత్యరసం వేరే దారిన వచ్చి కిందెక్కడో కలుస్తుంది. మినీ బైపాస్ అని ఇంకొకటి ఉంది, అతుకు ఒకటే, ఆపరేషన్ సమయం తక్కువ. అయితే అందులో పైత్యరసం పైకి వచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఇప్పటికే గొంతు మంటతో ఉన్నదానివి, ఆ ప్రశ్న తప్పకుండా అడుగు. "మళ్లీ స్లీవ్‌నే బిగిద్దాం" అని ఎవరైనా అంటే నీ మంట సంగతి ఏమిటని నిలదీయి.

అన్నట్టు, బైపాస్ అనగానే మన చుట్టాలకు గుండె ఒక్కటే తెలుసు. నాకు ఆపరేషన్ అయిన వారం ఇరవై మంది ఫోన్ చేసి "ఎన్ని రక్తనాళాలు మూసుకుపోయాయి?" అని అడిగారు. మీ బాబాయి ఓపిక నశించి చివరికి "మూడు" అని చెప్పడం మొదలుపెట్టారు.

నీ మంట పెద్దది కాదు, బరువే ముఖ్య సమస్య అని పరీక్షల్లో తేలితే, కత్తి లేకుండా ఒక దారి ఉందేమో ముందు చూడు. నా రోజుల్లో లేని సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజక్షన్లు ఇప్పుడు మన దేశంలోనే దొరుకుతున్నాయి. స్లీవ్ తరవాత బరువు తిరిగి వచ్చినవాళ్లకు కూడా డాక్టర్లు రాస్తున్నారు. ఖర్చు ఉంది, మానేస్తే ఆకలి తిరిగి వస్తుంది, అందరికీ పడవు. అయినా పేగు కోయించుకోవడం కన్నా వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయం అది. అవి వాడుతుండగా ఆపరేషన్‌కు వెళ్తే మాత్రం మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ మందు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తుంది, మత్తులో ఉండగా వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

చేదు మాట ఒకటి చెప్పాలి. రెండో ఆపరేషన్‌తో తగ్గే బరువు సాధారణంగా మొదటిసారంత ఉండదు. నేను 96 నుంచి 79కి వచ్చి ఆగాను. పాత గాయం చుట్టూ లోపలి భాగాలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి, జీర్ణాశయం కాలేయానికి అతుక్కుని ఉంటుంది, అందుకని సమయం ఎక్కువ, కుట్టు దగ్గర కారడం వంటి ముప్పు కూడా మొదటిసారి కన్నా ఎక్కువ. కాబట్టి సర్జన్‌ను "మీరు ఆపరేషన్లు ఎన్ని చేశారు?" అని అడిగితే చాలదు. "ఇంకొకరు చేసిన స్లీవ్‌ను మార్చినవి ఎన్ని? వాటిలో ఎంతమంది మళ్లీ థియేటర్‌కు వెళ్లారు?" అని అడుగు. ముఖం చిట్లించుకున్నవాళ్ల దగ్గర చేయించుకోకు. పాత ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితం ఒక్కటే కాక ఆపరేషన్ నోట్సు కూడా తెప్పించుకో. రెండోసారి లోపలికి వెళ్లేవాళ్లకు అది దారి చూపే పటం.

బీమా ఉందని ధీమాగా ఉన్నావు. పాలసీ తీసి చదువు. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 40 దాటాలి, లేదా 35 దాటి తీవ్రమైన నిద్ర శ్వాస సమస్య, అదుపులో లేని మధుమేహం వంటిది ఉండాలి అన్న షరతు మన బీమా పాలసీలలో మామూలు. రెండోసారికి ఇంకా బేరాలుంటాయి. ముందస్తు అనుమతి కాగితం మీద వచ్చాకే తేదీ పెట్టుకో.

ఇంకో సంగతి, మీ అమ్మకు చెప్పలేదు, నాకు చెప్పావు కాబట్టి రాస్తున్నాను. రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు కదా, ఆపరేషన్ తరవాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. బైపాస్ తరవాత గర్భనిరోధక మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, గైనకాలజిస్టుతో వేరే మార్గం ముందే మాట్లాడుకో.

అన్నీ చూసుకుని సరే అనుకుంటే, ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు ప్రోటీన్ ద్రవాల మీద ఉంచుతారు. కాలేయం కొవ్వు తగ్గి కుంచించుకుంటే సర్జన్‌కు పక్కకు తప్పించడం సులువు. ఎవరికీ తెలియదులే అని ఆవకాయ ముద్ద తిన్నావో, టేబుల్ మీద తెలుస్తుంది.

తరవాతి రోజుల గురించి. మెలకువ వచ్చాక భుజం నొప్పి చూసి గుండెపోటు అనుకుని హడలిపోయాను. ఆపరేషన్‌లో కడుపు ఉబ్బించడానికి పంపిన గ్యాస్ వల్ల అది, నడిస్తే పోతుంది. అదే రోజు సాయంత్రం లేపి నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. తిట్టుకుంటూ అయినా నడు. మూడో రోజు కారణం లేకుండా ఏడుపు వచ్చింది, నీకూ రావచ్చు. ఇంటికి వచ్చాక మాత్రం నాడి చూసుకోవడం అలవాటు చేసుకో. కూర్చుని ఉండగానే 120 దాటి కొట్టుకుంటున్నా, జ్వరం, ఆయాసం, పెరుగుతున్న కడుపు నొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగకు. "ఈ రాత్రికి చూద్దాం" అన్న మాట మన ఇళ్లలో చాలా చెడ్డది. ఆసుపత్రికి వెళ్లు.

మొదటి రెండు వారాలు మజ్జిగ తేట, పప్పుకట్టు తేట, కొబ్బరినీళ్లు, ప్రోటీన్ పొడి కలిపిన పాలు. గుక్క కాదు, చప్పరింత. నేను గ్లాసు పక్కన పడేసి అమ్మమ్మ అటక మీద దాచిన ఉగ్గుగిన్నె దింపించాను. నీకూ మీ అమ్మకూ నాకూ అందులోనే పోశారు. ఆ గిన్నెతో పొరపాటున కూడా ఎక్కువ తాగలేం. తరవాత మెత్తగా చిదిమినవి, ఆపైన మెత్తని ఇడ్లీ, గుడ్డు, పెసరపప్పు. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రోటీన్ కావాలంటారు, మన శాకాహారంతో అది ఇసుక నుంచి నూనె తీయడమే. పెరుగు, పనీర్, సోయా, గుడ్డు తింటే గుడ్డు, ముందు అవి, అన్నం చివర. అన్నం తిన్న అరగంట దాకా నీళ్లు ముట్టకు.

మూడో నెలలో వినాయక చవితికి పాయసం నాలుగు చెంచాలు తిన్నాను. పావుగంటకు చెమటలు, గుండె దడ, కళ్లు తిరగడం, పూజ గదిలోనే పడుకున్నాను. డంపింగ్ అంటారు దాన్ని. తియ్యదనం మీద నాకు వైరాగ్యం ఆ రోజే వచ్చింది. వారాల తరబడి వాంతులు అవుతుంటే మాత్రం అది వేరే సంగతి. బి1 విటమిన్ అడుగంటి నరాలు, మెదడు దెబ్బతింటాయి. గ్లూకోజ్ సీసా ఎక్కించే ముందు థయమిన్ ఇచ్చారా అని నువ్వే అడుగు, సందు చివర ఆసుపత్రిలో ఎవరికీ గుర్తుండకపోవచ్చు.

జుట్టు రాలుతుంది, మూడో నెల నుంచి. నూనెలు కొని డబ్బు తగలేయకు, మళ్లీ వస్తుంది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. ఐరన్, కాల్షియం కలిపి వేయకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. నేను టీవీ పక్కన రెండు రంగుల డబ్బాలు పెట్టుకున్నాను. మోకాలి నొప్పికి మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇక నీకు నిషిద్ధం, అతుకు దగ్గర పుండు పడుతుంది. ఎన్నేళ్లు గడిచినా, తిన్న తరవాత మెలిపెట్టే కడుపు నొప్పి వస్తే పేగు మెలిపడిందేమో చూడాలి. ఏ ఊళ్లో ఉన్నా, అక్కడి డాక్టరుకు నీకు జీర్ణాశయం బైపాస్ అయిందని మొదటి మాటగా చెప్పు.

సెలవు నెల రోజులకు పెట్టు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, మీ పిల్లవాడిని ఎత్తుకోవడం, డాక్టరు చెప్పేదాకా వద్దు. మీ అత్తగారితో నేను మాట్లాడతాను, ఆవిడ కొసరి కొసరి వడ్డించకుండా.

వచ్చే సోమవారం లోపు ఎండోస్కోపీ, రక్తపరీక్షలు చేయించుకుని నివేదికలు ఫోటో తీసి పంపు. వారం తిండి పుస్తకం కూడా, అబద్ధం రాయకుండా. తేదీ అన్నది ఆ తరవాత. అప్పుడు నేను పదిహేను రోజులకు సర్దుకుని విశాఖ వస్తాను. ఉగ్గుగిన్నె నా సంచిలో ఉంటుంది, మీ అమ్మ దాన్ని చూసి తనదని గొడవ పెట్టుకుంటుంది, పట్టించుకోకు.

నీ పిన్ని